రష్యా చరిత్రను వృత్తిగా తీసుకోవచ్చా?

నీ ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయమ్మా. బి.ఎ. చరిత్ర చివరి ఏడాదిలో ఉన్నానన్నావు. తాతగారి బీరువాలో మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు చదివి రష్యా మీద ఆసక్తి పుట్టిందనీ, ఇప్పుడు రష్యన్ అక్షరాలు కూడబలుక్కుని చదవగలననీ రాశావు. రష్యా చరిత్రకారిణిగా బతకడం సాధ్యమేనా అన్నది మొదటిది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం ముదిరాక అక్కడి దస్త్రాలు చూసే వీలు ఇంకా ఉందా అన్నది రెండోది. ఇంట్లో బి.ఎడ్. చేయమంటున్నారు, వాళ్లకేం చెప్పాలన్నది మూడోది. నేను ఢిల్లీలో ఈ విషయం మీదే పీహెచ్‌డీ చేశాను, మాస్కో ఆర్కైవ్‌లలో కూర్చున్నాను, తర్వాత రిటైరయ్యేదాకా ఐరోపా చరిత్ర పాఠాలు చెప్పాను. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

సాధ్యమే. కానీ మన దేశంలో రష్యా చరిత్ర అధ్యాపకులు కావాలంటూ ప్రకటన రావడం చాలా అరుదు. ఆధునిక ఐరోపా చరిత్రకో, ప్రపంచ చరిత్రకో మనిషి కావాలని వస్తుంది. లేదా జేఎన్‌యూలో రష్యా, మధ్య ఆసియా అధ్యయన కేంద్రం లాంటి చోట ఖాళీ పడుతుంది. అంటే పరిశోధన రష్యా మీద చేస్తావు, క్లాసులో ఫ్రెంచి విప్లవం దగ్గర్నుంచి ప్రచ్ఛన్న యుద్ధం దాకా అన్నీ చెబుతావు. దీన్ని నష్టంగా చూడకు. ఫ్రాన్సు, జర్మనీ తెలియకుండా రష్యా అర్థం కాదు.

ఈ రంగంలో పేరు తెచ్చుకున్న ఎవరి జీవితం చూసినా నాకు ఒక సంగతి కనబడుతుంది. ఆర్కైవ్ తలుపులు చరిత్రకారుల చేతిలో ఉండవు. మాస్కోలో గాలి మారితే తెరుచుకుంటాయి, మళ్లీ మారితే మూసుకుంటాయి. మూసి ఉన్న రోజుల్లో కూడా పని సాగేలా ప్రశ్న వేసుకున్నవాళ్లే నిలబడ్డారు. తెరుచుకున్న రోజున ఆలస్యం లేకుండా లోపలికి వెళ్లి చదివేంత భాష వాళ్ల చేతిలో ముందే ఉంది. ఒక మనిషి కథ చెబితే ఇది నీకు బాగా అర్థమవుతుంది.

సోవియట్ కాలపు చరిత్ర రాసి పేరు తెచ్చుకున్న షీలా ఫిట్జ్‌పాట్రిక్ 1941లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో పుట్టింది. తండ్రి బ్రయన్ ఫిట్జ్‌పాట్రిక్ కూడా చరిత్రకారుడే, పౌరహక్కుల కోసం పోరాడినవాడు. ఆమె 1961లో మెల్‌బోర్న్‌లో డిగ్రీ పూర్తిచేసి, డాక్టరేట్ కోసం ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ ఆంటోనీస్ కాలేజీకి వెళ్లింది. అప్పట్లో పడమటి దేశాల్లో సోవియట్ అధ్యయనం అంటే ఎక్కువగా రాజకీయ శాస్త్రమే. క్రెమ్లిన్‌లో ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారు, పత్రికలో ఎవరి పేరు ముందొచ్చింది, ఇలాంటివి చూసి ఊహలు కట్టేవారు. సోవియట్ కాలం చరిత్రకు ఇంకా పండలేదని, ఆధారాలు దొరకవని పెద్దల అభిప్రాయం.

ఆమె ఎంచుకున్న విషయం అనతోలీ లునచార్‌స్కీ. 1917 నుంచి 1929 దాకా సోవియట్ ప్రభుత్వంలో విద్య, కళల శాఖకు కమిసార్‌గా, అంటే మంత్రిగా ఉన్నాడు. ఈ ఎంపికలో ఉన్న తెలివి గమనించు. స్టాలిన్ మీదో ట్రాట్‌స్కీ మీదో పనిచేస్తానంటే 1966లో మాస్కోలో ఎవరూ కాగితం ముక్క కూడా ఇచ్చేవారు కాదు. లునచార్‌స్కీ శిక్ష పడ్డవాడు కాదు, శత్రువుగా ముద్రపడ్డవాడు కాదు, 1933లో మామూలుగా చనిపోయాడు. పైగా ఆయన నడిపింది ఒక శాఖ. శాఖ అంటే ఫైళ్లు, ఉత్తరప్రత్యుత్తరాలు, బడ్జెట్ కోసం పక్క శాఖలతో తగాదాలు. బ్రిటిష్ కౌన్సిల్ ఎక్స్చేంజ్ విద్యార్థినిగా మాస్కో చేరిన ఆమెకు ఆ ఫైళ్లలో కొన్ని దొరికాయి.

ఎలా దొరికాయో చెబితే ఈ వృత్తి ఎలాంటిదో తెలుస్తుంది. ఆ రోజుల్లో విదేశీ పరిశోధకులకు వేరే గది. ఆర్కైవ్‌లో ఏయే ఫైళ్లున్నాయో చెప్పే జాబితా వాళ్లకు చూపించేవారు కాదు. నీ అంశం చెప్పాలి, ఏం తెచ్చివ్వాలో సిబ్బంది నిర్ణయిస్తారు. జాబితా చూడకుండా ఫైలు నంబరు ఎలా తెలుస్తుంది? సోవియట్ చరిత్రకారుల పుస్తకాల్లో కింద ఇచ్చిన ఆధారాల్లోంచి నంబర్లు ఏరుకునేవారు. ఒక ఫైలులో ఇంకో ఫైలు ప్రస్తావన కనబడితే రాసుకుని మర్నాడు అడిగేవారు. అలా నిచ్చెన మెట్లు తామే తయారుచేసుకుంటూ ఎక్కారు ఆ తరం వాళ్లు.

ఆమెకు దొరికిన రెండో ఆధారం మనుషులు. లునచార్‌స్కీకి ఒకప్పుడు కార్యదర్శిగా పనిచేసిన ఆయన బావమరిది ఈగర్ సాత్స్ అప్పటికి బతికే ఉన్నాడు. నోవీ మీర్ అనే సాహిత్య పత్రిక సంపాదకవర్గంలో ఉండేవాడు. ఆ ముసలాయనతో ఆమెకు గాఢమైన స్నేహం కుదిరింది. ఏ ఫైలులోనూ ఉండని సంగతులు, ఎవరికి ఎవరంటే పడదు, ఏ నిర్ణయం వెనక ఏ పాత కక్ష ఉంది, ఇవన్నీ ఆయన దగ్గర విన్నది. 1968లో సోవియత్‌స్కయా రస్సీయా అనే పత్రిక ఆమె రాసిన ఒక వ్యాసాన్ని పట్టుకుని, ఫిట్జ్‌పాట్రిక్ అనే రచయిత దాదాపు గూఢచారే అన్నంత మాట రాసింది. అయితే మాస్కోలో ఆమె భర్త ఇంటిపేరుతో ఉంటోంది. ఆ రచయిత, తమ ఊళ్లోనే ఆర్కైవ్‌లో కూర్చుని ఉన్న ఈ అమ్మాయి ఒక్కరేనని వాళ్లకు తట్టలేదు. తట్టి ఉంటే దేశం నుంచి పంపేసేవారు. ఆమె వృత్తి జీవితం అక్కడితో ముగిసేది.

ఆ ఫైళ్లు చదివి ఆమె గ్రహించింది ఏమిటంటే, బయటివాళ్లు అనుకున్నట్టు సోవియట్ ప్రభుత్వం ఒకే గొంతుతో మాట్లాడే రాతి గోడ కాదు. ఒక శాఖకు ఇంకో శాఖకు పడదు. కింద నుంచి ఒత్తిడి ఉంటుంది, పై నుంచి వచ్చిన ఆజ్ఞ సగం దారిలో ఇంకోలా మారుతుంది. 1969లో డాక్టరేట్ వచ్చింది, మర్నాటి ఏడాదే అది పుస్తకమైంది.

తర్వాత ఆమె పట్టుకున్న ప్రశ్న నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది. స్టాలిన్ పాలనలో నష్టపోయినవారి గురించి అందరూ రాస్తున్నారు, మరి బాగుపడింది ఎవరు? 1928 నుంచి 1932 దాకా మొదటి పంచవర్ష ప్రణాళిక కాలంలో వేలకొద్దీ కార్మికులను, పార్టీ సభ్యులను ఫ్యాక్టరీల నుంచి తీసి ఇంజనీరింగు చదువులకు పంపారు. వాళ్లు పట్టాలు పుచ్చుకుని బయటికొచ్చిన కొద్ది ఏళ్లకే స్టాలిన్ జరిపించిన 1937–38 ఊచకోతలో పైవాళ్ల కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఆ కుర్చీల్లో వీళ్లు కూర్చున్నారు. తర్వాత పార్టీ అధినేత అయిన బ్రెజ్నెవ్, ప్రధాని అయిన కోసిగిన్ ఇద్దరూ 1935లో పట్టా పుచ్చుకున్నవాళ్లే. 1970లలో దేశాన్ని ఏలింది ఆ తరమే. ఇందులో రహస్య పత్రాలు పెద్దగా అక్కర్లేదు, విద్యాశాఖ గణాంకాలు, జీవిత వివరాలు చాలు. తలుపు మూసి ఉన్నప్పుడు కూడా సాగే ప్రశ్న అంటే ఇదీ.

దీనికి ఆమె పడ్డ మాటలు తక్కువేం కాదు. 1986లో రష్యన్ రివ్యూ పత్రికలో స్టాలిన్ కాలాన్ని సమాజం వైపు నుంచి చూడాలని ఆమె రాసిన వ్యాసం మీద పెద్ద వాదమే నడిచింది. రాజ్యాన్ని, భయాన్ని పక్కనబెట్టి సామాజిక చరిత్ర ఎలా రాస్తారని తోటి చరిత్రకారులు నిలదీశారు. ఆ విమర్శలో న్యాయం ఉందని నా అభిప్రాయం. ఆమె తర్వాతి రచనల్లో భయానికి, పోలీసుకు, ఫిర్యాదు పత్రాలకు చోటు పెరిగింది. నువ్వు ఈ రంగంలోకి వస్తే నిన్ను కూడా ఎవరో ఒకరు స్టాలిన్‌ను సమర్థిస్తున్నావనో, అమెరికా మాట మాట్లాడుతున్నావనో అంటారు. తెలుగువాళ్లలోనైతే ఇంకా ఎక్కువ. సోవియట్ పుస్తకాల మీద పెరిగిన తరానికి రష్యా ఒక కల, వాళ్లతో విసిగినవాళ్లకు అదొక పీడకల. నీ ముందున్న ఫైలు ఈ ఇద్దరికీ నచ్చని మాట చెప్పినప్పుడు దాన్ని ఉన్నదున్నట్టు రాయగలగాలి. ఈ వృత్తిలో అంతకన్నా కష్టమైన పని నేను చూడలేదు.

1991 ఆగస్టులో తిరుగుబాటు విఫలమయ్యాక, 24వ తేదీన రష్యా అధ్యక్షుడు ఎల్త్సిన్ కమ్యూనిస్టు పార్టీ ఆర్కైవ్‌లను రాజ్యం చేతికి అప్పగిస్తూ ఆజ్ఞ ఇచ్చాడు. అన్నాళ్లూ మూసి ఉన్నవి ఒక్కసారిగా బయటపడ్డాయి. అప్పటికి ఆమె టెక్సాస్ నుంచి షికాగో విశ్వవిద్యాలయానికి మారింది. భాష, పాత ఫైళ్ల వాసన, ఏది ఎక్కడ ఉండవచ్చన్న అంచనా అన్నీ ఉన్నాయి కాబట్టి ఆ తరంలో చాలామందికన్నా ముందే కొత్త పత్రాల్లోంచి సమష్టి వ్యవసాయం కింద రైతుల బతుకు మీద, పట్టణాల్లో క్యూలు, గదులు, వదంతుల మధ్య మామూలు మనుషుల జీవితం మీద రాయగలిగింది. ఆమె దగ్గర తయారైన పరిశోధకులు ఇవాళ అనేక దేశాల్లో పాఠాలు చెబుతున్నారు. షికాగోలో రిటైరయ్యాక ఆస్ట్రేలియా తిరిగి వెళ్లి, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడికి వలస వచ్చిన రష్యన్ల చరిత్ర రాసింది. దానికి ఆస్ట్రేలియా వలస శాఖ కాగితాలు కూడా పనికొచ్చాయి. ఎనభై ఏళ్ల వయసులో కూడా కొత్త ప్రశ్న, కొత్త ఆర్కైవ్.

ఇక ఆర్కైవ్‌లో అసలు ఏం చేస్తారో చెబుతాను. సినిమాల్లో చూపించేలా రహస్యాలు బయటపడే చోటు కాదది. రష్యన్ ఆర్కైవ్‌లన్నిటికీ ఒకే పద్ధతి. ఒక సంస్థ కాగితాలన్నీ కలిపి ఫోంద్, దాని జాబితా ఓపిస్, అందులో ఒక్కో ఫైలు ద్యేలో, ఫైలులో ఒక్కో కాగితం లిస్త్. ఈ నాలుగు నంబర్లు లేకుండా నువ్వు రాసిన ఏ వాక్యాన్నీ ఎవరూ నమ్మరు. మాస్కోలో బల్షాయా పిరగోవ్‌స్కయా వీధి 17 నంబరులో ఒకే ప్రాంగణంలో మూడు పెద్ద ఆర్కైవ్‌లున్నాయి: రష్యా ప్రభుత్వ ఆర్కైవ్, ఆర్థిక ఆర్కైవ్, ప్రాచీన పత్రాల ఆర్కైవ్. పార్టీ కాగితాలది బల్షాయా ద్మీత్రవ్‌కా వీధి. జార్ల కాలపు మంత్రిత్వ శాఖలవి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో.

ఆర్థిక ఆర్కైవ్‌లో క్రెస్త్యాన్‌స్కయా గజేతా అనే రైతుల పత్రిక తాలూకు ఫోంద్ ఒకటి ఉంది. 1930లలో పల్లెల నుంచి ఆ పత్రికకు వచ్చిన ఉత్తరాలు అందులో కట్టలు కట్టలుగా ఉన్నాయి. ఒక ఫైలు తెరిస్తే ముందు ఉత్తరం ఉంటుంది. బడి నోటుపుస్తకంలోంచి చింపిన గళ్ల కాగితం, ఊదా పెన్సిలు రాత, చుక్కలూ కామాలూ లేవు. మా సమష్టి క్షేత్రం అధ్యక్షుడు గుర్రాలను చంపుతున్నాడు, తాగుతున్నాడు, అడిగినవాళ్లను వెళ్లగొడుతున్నాడు అని ఉంటుంది. దాని వెనక పత్రికవాళ్లు జిల్లా అధికారులకు పంపిన చీటీ, విచారణ చేసి తెలపమని. దాని వెనక జిల్లా నుంచి వచ్చిన జవాబు: ఆరోపణ నిజం కాదు, రాసినవాడు పాత కులక్ (ధనిక రైతు) కొడుకు. లేదా ఆరోపణ నిజం, అధ్యక్షుణ్ని కోర్టుకు అప్పగించాం. మూడు కాగితాలు, మూడు గొంతులు. అందులో ఏ ఒక్కదాన్నీ పూర్తిగా నమ్మకూడదు. ఉత్తరం రాసిన రైతుకు అధ్యక్షుడి మీద పాత పగ ఉండవచ్చు. జవాబు రాసిన అధికారి అధ్యక్షుడి బంధువు కావచ్చు. 1937, 38లలో ఇలాంటి ఉత్తరం ఒక మనిషి ప్రాణం తీసేదని గుర్తుపెట్టుకుని చదవాలి. ఫైలు అట్ట లోపల ఒక కాగితం అంటించి ఉంటుంది. ఆ ఫైలు అంతకుముందు ఎవరెవరు చూశారో వాళ్ల సంతకాలు, తేదీలు. ఆ కాగితం ఖాళీగా కనిపించిన రోజున కలిగే అనుభూతి నేను మాటల్లో పెట్టలేను.

ఆ ఊదా పెన్సిలు రాత చదవడానికే నీ మొదటి మూడేళ్లూ ఖర్చుపెట్టాలి. అచ్చు పుస్తకం చదవగలిగితే చాలనుకుని చాలామంది మాస్కో దాకా వెళ్లి ఇబ్బంది పడతారు. రష్యన్ చేతిరాతలో కొన్ని అక్షరాలు అచ్చు రూపానికి ఏమాత్రం పోలికుండవు. 1918కి ముందు కాగితాలైతే లిపిలో ఇప్పుడు లేని అక్షరాలుంటాయి, తేదీలు పాత జూలియన్ క్యాలెండరువి. 1918లో జనవరి 31 తర్వాత రోజు ఫిబ్రవరి 14. అక్టోబరు విప్లవం పండుగ నవంబరు 7న రావడానికి కారణం అదే. ఇంకా వెనక్కి, పీటర్ చక్రవర్తికి ముందు కాలానికి వెళ్తే సంవత్సరాలు సృష్టి మొదలైన నాటి నుంచి లెక్కపెట్టేవారు, ఏడాది సెప్టెంబరు 1న మొదలయ్యేది. 7208 అని కనబడితే అందులోంచి 5508 తీసేయాలి, సెప్టెంబరు నుంచి డిసెంబరు మధ్య తేదీ అయితే 5509. పీటర్ ఆ ఏడాది మధ్యలోనే లెక్క మార్చి 1700 జనవరి 1తో కొత్త పద్ధతి మొదలెట్టించాడు. ఇవి గైడు నేర్పడు, నువ్వే నేర్చుకోవాలి.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న. తలుపులు మళ్లీ దగ్గరగా మూస్తున్నమాట నిజం. అణచివేత బాధితుల చరిత్రను ముప్పై ఏళ్లు సేకరించిన మెమోరియల్ సంస్థను మూసేయమని రష్యా సుప్రీం కోర్టు 2021 డిసెంబరు 28న తీర్పిచ్చింది. మర్నాటి ఏడాది అదే సంస్థకు నోబెల్ శాంతి బహుమతిలో భాగం దక్కింది. చరిత్రకారులకు రష్యాలో ఇది కొత్త కాదు. 1930 ప్రాంతంలో సెర్గేయ్ ప్లతోనవ్ లాంటి మహా పండితుణ్ని అరెస్టు చేసి సమారాకు పంపేశారు, 1933లో అక్కడే పోయాడు. అదే కేసులో పట్టుబడ్డ యెవ్‌గేనీ తార్లే అల్మా అతా ప్రవాసం నుంచి తిరిగొచ్చి స్టాలిన్ బహుమతులు అందుకున్నాడు. విదేశీయులమైన మనకు వీసా రాకపోవచ్చు, ఫైలు ఇవ్వకపోవచ్చు, అంతే. అక్కడివాళ్లు పెట్టే పణం వేరు. వాళ్ల పుస్తకాలను నీ ఆధారాల్లో ఉదహరించేటప్పుడు ఆ గౌరవం మనసులో ఉండాలి.

భారతీయులకు రష్యా వీసా వస్తోంది, అక్కడి విశ్వవిద్యాలయాల్లో మన విద్యార్థులు చదువుతున్నారు. ఈ విషయంలో అమెరికా, బ్రిటన్ విద్యార్థులకన్నా నీ పరిస్థితి మెరుగు. అలాగని మొత్తం థీసిస్‌ను మాస్కోలోని ఒకే ఆర్కైవ్ మీద ఆధారపడేలా సినాప్సిస్ రాయకు. మనుషుల వ్యక్తిగత వివరాలున్న ఫైళ్లకు 75 ఏళ్ల నిబంధన ఉంది. రహస్య పోలీసు ఫైళ్లు చాలావరకు అందవు. రష్యా బయట ఎంత రష్యా ఉందో చాలామందికి తెలియదు. ఫిన్లాండ్ అప్పట్లో జార్ల సామ్రాజ్యంలో భాగం కాబట్టి, 1828 నుంచి 1917 దాకా రష్యాలో అచ్చయిన పుస్తకాల ప్రతి ఒకటి హెల్సింకి విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి చేరేది. అదంతా అక్కడే ఉంది. కాలిఫోర్నియాలోని హూవర్ సంస్థలో జారు రహస్య పోలీసుల పారిస్ శాఖ ఫైళ్లున్నాయి. ఉక్రెయిన్‌లో పాత కేజీబీ ఫైళ్లు మాస్కోలో ఎన్నడూ లేనంత స్వేచ్ఛగా తెరిచారు. స్మొలెన్‌స్క్ పార్టీ ఆర్కైవ్ సంగతి ఇంకా విచిత్రం. 1941లో జర్మన్లు ఎత్తుకెళ్లారు, వాళ్ల దగ్గర్నుంచి అమెరికన్ల చేతికొచ్చింది. మెర్ల్ ఫేన్‌సాడ్ అనే అమెరికన్ పండితుడు ఆ కాగితాలతో 1958లోనే ఒక సోవియట్ జిల్లా లోపలి బతుకును ప్రపంచానికి చూపించాడు. అది తిరిగి రష్యాకు చేరింది 2002లో.

ఏ ఆర్కైవూ లేకుండా కూడా పని జరిగింది. బ్రిటిష్ చరిత్రకారుడు ఇ.హెచ్. కార్ అసలు దౌత్య ఉద్యోగి. రీగాలో పనిచేస్తుండగా రష్యన్ నేర్చుకున్నాడు, పీహెచ్‌డీ లేదు. పార్టీ మహాసభల నివేదికలు, చట్టాలు, పత్రికలు, అంటే అచ్చయి అందరికీ దొరికేవాటితోనే 1950 నుంచి 1978 దాకా సోవియట్ రష్యా చరిత్రను 14 సంపుటాలు రాశాడు. ఆయన తీర్పులన్నీ నేను ఒప్పుకోను. ఓడిపోయినవాళ్ల మీద ఆయనకు దయ తక్కువ. కానీ అచ్చు కాగితం నుంచి ఎంత పిండవచ్చో ఆయన్ని చూసి నేర్చుకోవాలి.

అయినా ఆర్కైవ్ తెరుచుకుంటే ఏం మారుతుందో ఒక్క సంఖ్య చెబుతాను. 1937, 38 రెండేళ్లలో రాజకీయ కేసుల్లో మరణశిక్ష పడ్డవారు 6,81,692 మంది అని రహస్య పోలీసుల సొంత లెక్క బయటపడింది. అంతకుముందు ఇంతకన్నా ఎంతో ఎక్కువ చెప్పినవాళ్లున్నారు, ఎంతో తక్కువ చెప్పినవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ తమ పుస్తకాలు సవరించుకోవాల్సి వచ్చింది. ఆ అంకె కూడా అధికారులు రాసుకున్నదే, చిత్రహింసల్లో, జైళ్లలో పోయినవాళ్లు అందులో లేరు.

ఏ అంశం ఎంచుకోవాలని అడగలేదుగానీ చెబుతాను. మన విశ్వవిద్యాలయాల్లో రష్యా అనగానే భారత–రష్యా సంబంధాలు అన్న థీసిస్‌లే కుప్పలు. వాటిలో చాలావాటికి రష్యన్ భాషే అక్కర్లేకుండా పోయింది, అదే బాధ. కలకత్తాలో హరి వాసుదేవన్ గారు చేసిన పని చూడు. కేంబ్రిడ్జిలో జార్ల నాటి రష్యాలో స్థానిక రాజకీయాల మీద డాక్టరేట్ చేశారు, అంటే ముందు రష్యా లోపలికి వెళ్లారు. 1978లో కలకత్తా విశ్వవిద్యాలయంలో చేరారు. తర్వాతే తన రష్యన్‌ను మన చరిత్రకు వాడారు. 1917 నుంచి 1947 దాకా భారత్ గురించి మాస్కో ఆర్కైవ్‌లలో ఉన్న పత్రాలను పురబీ రాయ్, శోభన్‌లాల్ దత్తగుప్తాలతో కలిసి సంపుటాలుగా తెచ్చారు. 2020 మేలో కోవిడ్‌తో పోయారు. ఆ లోటు ఇంకా తీరలేదు. నేను చెప్పే వరుస ఆయనదే: మొదట రష్యా, తర్వాత మనం.

ఆ రెండో అంచెకు వచ్చాక తెలుగు, రష్యన్ రెండూ వచ్చినవాళ్లకు ఎదురుచూస్తున్న పని చాలా ఉంది. 1951 ఫిబ్రవరి 9న మాస్కోలో స్టాలిన్ ఎదుట కూర్చున్న నలుగురు భారత కమ్యూనిస్టుల్లో ఇద్దరు మనవాళ్లు, చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య. మాట్లాడింది తెలంగాణ సాయుధ పోరాటం కొనసాగించాలా వద్దా అన్నది. చైనా గెరిల్లాలకు వెనక సోవియట్ దేశం ఆసరా ఉంది, మీకు అలాంటి పొరుగు లేదు కదా అని స్టాలిన్ అన్నట్టు ఆ సంభాషణ నమోదైంది. ఆ అక్టోబరులో పోరాటం విరమించారు. ఆ రికార్డు ఇంగ్లీషులో అందరూ చదివారు. రష్యన్ మూలాన్నీ, ఇక్కడి తెలుగు పార్టీ పత్రాలనూ, దళాల్లో పనిచేసినవారి జ్ఞాపకాలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. అది చేయగలవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఇంకొకటి: నిజాం కాలేజీ తొలి ప్రిన్సిపాల్ అఘోరనాథ్ ఛటోపాధ్యాయ కొడుకు, సరోజినీ నాయుడి తమ్ముడు వీరేంద్రనాథ్, హైదరాబాదులో పెరిగినవాడు. లెనిన్‌గ్రాడ్‌లో మానవజాతుల అధ్యయన సంస్థలో పనిచేస్తూ 1937 జూలైలో అరెస్టయ్యాడు, సెప్టెంబరు 2న కాల్చేశారు. పైన చెప్పిన ఆ 6,81,692లో మన హైదరాబాదీ కూడా ఉన్నాడు.

ఇంకా పాతది కావాలంటే త్వేర్ నగరపు వ్యాపారి అఫనాసీ నికీతిన్ ఉన్నాడు. 1470 ప్రాంతంలో బీదరులో ఉండి, అక్కడి హిందువులతో కలిసి శివరాత్రికి పర్వతానికి వెళ్లానని రాశాడు. అది మన శ్రీశైలమేనని పండితులు గుర్తించారు. నల్లరాతి నంది గురించి, దాని గిట్టను భక్తులు ముద్దుపెట్టుకోవడం గురించి, తలనీలాలు ఇవ్వడం గురించి చూసింది చూసినట్టు రాశాడు. పాత రష్యన్ మధ్యలో తురుష్క, పారశీక, అరబ్బీ మాటలు కలిసిపోయిన రాత అది. తిరుగుప్రయాణంలో స్మొలెన్‌స్క్ చేరకుండానే చనిపోయాడు. ఆ ప్రతిని మఠం పుస్తకాల్లోంచి పందొమ్మిదో శతాబ్దం మొదట్లో రష్యన్ చరిత్రకారుడు కరంజీన్ బయటికి తీశాడు. శ్రీశైలం కొండదారులు, పాత శాసనాలు తెలిసిన తెలుగువాళ్లు ఎవరైనా రష్యన్ నేర్చుకుని ఆ పేజీల మీద కూర్చుంటే బాగుండునని నాకెప్పటినుంచో కోరిక.

ఇక నడవాల్సిన దారి. ఈ ఏడాదే హైదరాబాదులో ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) రష్యన్ కోర్సుల ప్రకటన చూడు. ఎం.ఎ. చరిత్ర చేస్తూ పక్కన రష్యన్ చదవడం ఒక పద్ధతి. ఎం.ఎ. రష్యనే చేసి తర్వాత చరిత్రకు రావడం రెండోది. నేనైతే మొదటిది చెబుతాను. భాష తర్వాతైనా పట్టుకోవచ్చు, చరిత్ర విద్యార్థిగా ప్రశ్న వేయడం ఆ రెండేళ్లలోనే అబ్బుతుంది. ఎం.ఎ. అవుతుండగానే నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష) రాయి. అందులో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధక వేతనం వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. పరిశోధన కాలమంతా ఇంటి మీద ఆధారపడక్కర్లేదు. ఢిల్లీలో జేఎన్‌యూ, ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని స్లావ్ భాషల విభాగం రెండూ చూడు. బయటికి వెళ్లాలంటే అమెరికా ఒక్కటే లోకం కాదు. హెల్సింకిలో అలెక్సాంతెరి సంస్థ, జపాన్‌లో హొక్కైదో విశ్వవిద్యాలయంలోని స్లావిక్–యురేషియా కేంద్రం ఈ రంగంలో మేటి. గైడును ఎంచుకునేటప్పుడు ఆయనకు రష్యన్ వచ్చా అని తప్పకుండా కనుక్కో. అడగడానికి మొహమాటపడకు.

ఇంట్లోవాళ్ల భయం న్యాయమైనదే, దాన్ని కొట్టిపారేయకు. కాలేజీ ఉద్యోగాలు ఆలస్యంగా భర్తీ అవుతున్నాయి, గెస్టు లెక్చరరుగా ఏళ్లు గడిచేవాళ్లున్నారు. ఈ చదువులో రెండు పనులు ఒకేసారి చేతికొస్తున్నాయని నాన్నగారికి చెప్పు. ఒకటి చరిత్ర, దానితో నెట్, జూనియర్ లెక్చరర్, గ్రూప్స్ పరీక్షలు రాసుకోవచ్చు. రెండోది రష్యన్, మందుల కంపెనీల్లోనూ రక్షణ రంగంలోనూ కూడంకుళం లాంటి అణువిద్యుత్ ప్రాజెక్టుల్లోనూ అనువాదకుల అవసరం ఉండే భాష. బి.ఎడ్. కావాలంటే ఎం.ఎ. అయ్యాక కూడా చేయవచ్చు. అమ్మగారు అంతదూరం ఒంటరిగా పంపడానికి జంకుతున్నారని కూడా రాశావు. మొదటి మూడేళ్లూ హైదరాబాదులోనే అని చెప్పు, అది నిజం కూడా. ఇఫ్లూలో చేరాక చేతిరాత దగ్గర ఆగిపోతే ఆ పేజీ ఫొటో తీసి నాకు పంపు, కలిసి చదువుదాం.